లాకుల రాక్షసుడు

రాజమండ్రి దానవాయిపేటలో ఒక పళ్ళ డాక్టరుగారి క్లినిక్ పైన మా వీడియో గేమ్‌ల ఆఫీసు. ఉండేది ముగ్గురం. శివరామకృష్ణ ప్రోగ్రామ్ రాస్తాడు, శత్రువుల్ని తయారుచేస్తాడు. ఆడేవాళ్ళకి ఎక్కడ ఏం ఎదురుకావాలో సుప్రియ నిర్ణయిస్తుంది. నా పేరు గణేష్‌బాబు, శబ్దాలు నావి.

మా గేమ్‌లో ఒక అమ్మాయి కత్తి పట్టుకుని, కాలవగట్ల వెంట సముద్రం దాకా వెళ్ళాలి. కాలవనీళ్ళని గేట్లు వేసి ఆపే ప్రతి లాకుల దగ్గరా ఒక కాపలాదారు ఉంటాడు. వాణ్ణి ఓడిస్తేనే గేటు తెరుచుకుంటుంది. మొదటివాడికి మేం పెట్టుకున్న పేరు లాకుల రాక్షసుడు. తాడిచెట్టంత మనిషి, చేతిలో గేటు తిప్పే ఇనపకడ్డీ. శివ వాణ్ణి ప్రాణం పెట్టి చేశాడు. వాడి దెబ్బల్లో ఒక్కటీ ఊరికే పడదు.

మొదటి భాగాన్ని ఉచితంగా విడుదల చేశాం. కష్టమైన గేమ్‌లు ఆడటం అలవాటున్నవాళ్ళు ఆకాశానికెత్తారు. మిగతావాళ్ళలో చాలామంది ఆ రాక్షసుడి దగ్గరే ఆగిపోయి, గేమ్ మళ్ళీ తెరవలేదు.

"ఆగిపోయేవాళ్ళు మన ఆటగాళ్ళు కాదండి. కష్టపడి గెలిస్తేనే కదా ఆనందం," అన్నాడు శివ.

"నిజమే. కానీ ఎందుకు ఆగిపోతున్నారో ఒకసారి చూద్దాం శివగారూ," అంది సుప్రియ.

మర్నాడు వాళ్ళ వదిన వీరవేణిగారిని తీసుకొచ్చింది. ఆవిడ కొవ్వూరులో ఒక హైస్కూల్లో డ్రిల్ టీచరు, ఒకప్పుడు జిల్లా జట్టులో కబడ్డీ ఆడారు. స్కూటీ మీంచి పడి కుడి మణికట్టు విరిగాక, ఆ చేతి బొటనవేలు చురుగ్గా కదలదు. వేసవి సెలవులు కాబట్టి వచ్చారు. వీడియో గేమ్ ముట్టుకోవడం అదే మొదలు.

రాక్షసుడు ఆవిణ్ణి ఒక్క దెబ్బకి పడగొట్టాడు. గేమ్ మళ్ళీ కాలవ మొదట్లోంచి నడిపించింది. మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ పడ్డారు. మా కళ్ళన్నీ తెరమీదే ఉన్నాయి. సుప్రియ మాత్రం పక్కకి కుర్చీ వేసుకుని వదిన ముఖం చూస్తూ కూర్చుంది.

"కబడ్డీలో నన్ను ఎవరు పట్టుకున్నారో, ఎక్కడ పొరపాటు చేశానో తెలిసేదండి," అన్నారావిడ చివరికి కంట్రోలర్ పక్కన పెట్టి. "ఇక్కడ ఎందుకు చచ్చానో తెలీట్లేదు. తెలుసుకుందామంటే మళ్ళీ అంత దూరం నడవాలి."

శివకి పట్టుదల వచ్చింది. 'సులువు' అని ఒక పద్ధతి పెట్టి, రాక్షసుడి బలం సగానికి సగం తగ్గించాడు. ఆవిడ మళ్ళీ వచ్చి ఆడితే నాలుగు దెబ్బలకే వాడు కూలిపోయాడు.

"అయిపోయిందా?"

"గెలిచారండి," అన్నాడు శివ.

"నేనేం గెలిచానండీ, వాడే పడిపోయాడు. పైన సులువు అని రాసి మరీ ఇచ్చారు," అంటూ లేచి చెప్పులేసుకున్నారు.

ఆవిడ వెళ్ళాక శివ నావైపు తిరిగాడు. "చూశారా? తేలిక చేస్తే రుచి పోతుంది."

"పోయింది. మీ మాటే నిజం," అంది సుప్రియ. "కానీ వదిన తేలిక చెయ్యమని అడగలేదు. నేర్చుకోనివ్వమని అడిగింది."

ఆ మాట అన్న రోజునుంచి ఆమె పని చేసిన తీరు నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. రాక్షసుడి బలాన్ని మళ్ళీ యథాస్థితికి తెచ్చింది. సులువు అనే మాట తీసేసింది. పడిపోతే లాకుల మెట్ల దగ్గరే లేచేలా మార్చింది. మీటలన్నీ ఎడమచేతికే మార్చుకునే వీలు పెట్టింది. రాక్షసుడు కడ్డీ ఎత్తడానికీ దించడానికీ మధ్య ఎంత సమయం కావాలో ఆడేవాళ్ళే ఎంచుకోవచ్చు, ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు. ఎక్కువ తీసుకున్నవాళ్ళని తక్కువచేసే మాట ఎక్కడా లేదు.

నన్ను పిలిచి, "ప్రతి దెబ్బకీ ముందు ఒక చప్పుడు కావాలి గణేష్‌గారూ. వినగానే ఏది రాబోతోందో తెలిసిపోవాలి," అంది. నేను ధవళేశ్వరం వెళ్ళి, లాకుల దగ్గర గొలుసు చప్పుడు రికార్డు చేసుకొచ్చాను. పైనుంచి పడే దెబ్బకి అది పెట్టాం. అడ్డంగా ఊపే దెబ్బకి బరువైన నిట్టూర్పు.

శివ ఒప్పుకోలేదు. "వీడు నిదానంగా కదిలితే చూసేవాళ్ళకి నవ్వొస్తుందండి."

"నవ్వు రాకుండా చెయ్యగలిగింది మీరొక్కరే," అంది సుప్రియ.

అతను వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. వారం పాటు ఆ కడ్డీ ఎత్తడమొక్కటే మళ్ళీ మళ్ళీ గీశాడు. నెమ్మదిగా ఎత్తితే కడ్డీ బరువు తెలియాలి, భుజాలు వణకాలి, కాళ్ళకింద గట్టు కుంగాలి. అతను పూర్తిచేసి చూపించినప్పుడు, నిదానంగా కదిలే రాక్షసుడు అంతకుముందుకంటే భయంకరంగా ఉన్నాడు.

వీరవేణిగారు ఈసారి మొహమాటానికే వచ్చారు. వేగం బాగా తగ్గించుకుని, ఎడమచేత్తో మొదలుపెట్టారు. వెంటనే పడిపోయారు.

"గొలుసు మోగితే పక్కకి తప్పుకోవాలి. నేను వెనక్కెళ్ళాను. తప్పు నాదే," అన్నారు, ఎవరూ అడక్కుండానే.

సుప్రియ ముఖం విప్పారింది.

ఆ తర్వాత ఆవిణ్ణి రమ్మని పిలవాల్సిన పని లేకపోయింది. భోజనం చేసి గోదావరి వంతెన దాటి వచ్చేసేవారు. ఓడిన ప్రతిసారీ గొణుక్కునేవారు గానీ కంట్రోలర్ వదిలేవారు కాదు. ఒక మధ్యాహ్నం గొలుసు మోగింది, పక్కకి తప్పుకున్నారు. నిట్టూర్పు వినపడింది, వంగారు. రాక్షసుడు మోకాళ్ళమీద కూలాడు, గేటు తెరుచుకుంది, కాలవనీళ్ళు గలగలా లోపలికి వచ్చాయి.

ఆవిడ కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకున్నారు. "కాసిని మంచినీళ్ళివ్వండి," అన్నారు. శివే పరుగెత్తాడు.

గ్లాసు ఖాళీ చేసి, "ఆ వేగం ఇప్పుడు కొంచెం పెంచుకోవచ్చా అండీ?" అని అడిగారు. శివ తల ఊపాడు.

మార్చిన గేమ్‌ని మళ్ళీ విడుదల చేశాం. అలవాటున్నవాళ్ళు పాత వేగంతోనే ఆడుకున్నారు, వాళ్ళకి ఏ లోటూ రాలేదు. ఇదివరకు ఆగిపోయినవాళ్ళు ఇప్పుడు లాకులు దాటుతున్నారు. తుని నుంచి ఒకాయన, చూపు సరిగా ఆననివాడు, చప్పుళ్ళు వింటూ రాక్షసుణ్ణి గెలిచానని రాశాడు. శివ ఆ ఉత్తరం మాకు చదివి వినిపించి, "నేనిది ఊహించలేదు సుప్రియగారూ," అన్నాడు.

"నేనూ ఊహించలేదండి," అంది సుప్రియ.

స్కూళ్ళు తెరిచారు. వీరవేణిగారు ఇప్పుడు ఇంట్లోనే ఆడుతున్నారు. రెండో లాకుల దగ్గర ఇంకా ఓడిపోతూనే ఉన్నారట. సాయం చెయ్యమంటారా అని సుప్రియ ఫోన్లో అడిగితే, నువ్వు ఊరుకో అమ్మాయ్ అన్నారట.