చలివేంద్రం మీద డాక్టరు

మిర్యాలగూడలో ఎండాకాలం మొదలైందని తెలియడానికి క్యాలెండరు చూడనక్కర్లేదు. ఆటోస్టాండు పక్కన శ్రీహరి కుండలు కడుగుతూ కనిపిస్తే మొదలైనట్టే.

శ్రీహరికి రైసుమిల్లులకు బెల్టులూ బేరింగులూ అమ్మే దుకాణం ఉంది. ఏటా ఎండలు ముదరగానే దాని ఎదురుగా చలివేంద్రం పెడతాడు. కుండలు తనే కడుగుతాడు, ఇంకొకర్ని ముట్టనివ్వడు. నేరేడుచర్ల, త్రిపురారం ఆటోలెక్కే జనం అక్కడ ఆగి నాలుగు గుక్కలు తాగి పోతుంటారు. మజ్జిగ పోసినవాడు కుండకన్నా పెద్ద ఫ్లెక్సీ కట్టుకునే ఊళ్లో, పేరూ ఫొటో లేని చలివేంద్రం అదొక్కటే. దాన్ని చూసినప్పుడల్లా అతని భార్య కళ్యాణికి కొంచెం గర్వంగా ఉండేది. ఆ మాట పైకి మాత్రం ఎన్నడూ అనలేదు. బెల్టుల వ్యాపారిని మరీ పొగిడితే ఎక్కడో ఒకచోట లూజవుతాడని ఆమె నమ్మకం.

కళ్యాణి కోదాడలో బీకాం చదివింది. శ్రీహరి ఇంటర్ ఇంగ్లీషు దగ్గర ఆగిపోయాడు. పెళ్లిళ్లలో ఆమె పుట్టింటివాళ్లు కొత్త చుట్టాలకు పరిచయం చేస్తూ, "మా కళ్యాణి, డిగ్రీ చేసింది. అల్లుడు... బిజినెస్" అనేవారు. అల్లుడికీ బిజినెస్‌కీ మధ్య చిన్న విరామం ఒకటి ఉండేది. పెళ్లయిన నాటి నుంచి శ్రీహరి ఆ విరామాన్ని వింటూనే ఉన్నాడు. ఆ పూట అన్నం తక్కువ తినేవాడు.

అందుకే ఆ సోమవారం ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వచ్చినప్పుడు అతని మొహం మతాబాలా ఉంది.

"కళ్యాణీ, నాకు డాక్టరేట్ వచ్చింది!"

ఆమె పప్పులో గరిటె అలాగే ఆపింది. "ఏ డాక్టరేట్?"

"గౌరవ డాక్టరేట్. సమాజసేవకు. గ్లోబల్ హ్యూమన్ గ్లోరీ యూనివర్సిటీ. ఆదివారం సూర్యాపేట ఫంక్షన్‌హాల్‌ల ఇస్తరంట. నల్ల గౌను, టోపీ, మెడల మెడల్."

"ఆ యూనివర్సిటీ ఏడుంటది?"

"ఏదో సముద్రంల దీవి. ఇంటర్నేషనల్."

"దీవిల ఉన్నోళ్లకు మన ఆటోస్టాండుల కుండలెట్ల కనవడ్డయి?"

"శాటిలైట్ల సూసిండ్రేమో," అన్నాడు శ్రీహరి నవ్వుతూనే.

"మనమేమన్న కట్టాల్నా?"

"గౌను కిరాయి, హాల్ ఖర్చు. అంతే. డాక్టరేట్ ఉత్తగనే ఇస్తరు." కళ్యాణి మొహం చూసేసరికి అతని నవ్వు సగంలో ఆగింది. "ఏంది గట్ల సూస్తున్నవ్? నువ్వు డిగ్రీ చదివినవని నాకు రావద్దా?"

కళ్యాణి పప్పు కలపడంలో పడింది. ఇక ఆ మాట మీద ఇంకో మాట అనడానికి లేదు. ఇది దొంగ సరుకని చెబితే, చదువుకున్న పెళ్లాం ఓర్వలేక అంటోందని అతను అనుకుంటాడు. చెప్పకపోతే ఆదివారం సూర్యాపేటలో గౌను వేసుకుని నిలబడతాడు, సోమవారం నుంచి ఊరు నవ్వుతుంది. పేరు లేకుండా ఇన్నేళ్లు నీళ్లు పోసి సంపాదించిన పేరు ఒక్క టోపీతో పోతుంది.

సంతలో కోడిపెట్టను కొన్నా రెక్క ఎత్తి చూసే మనిషి కళ్యాణి. మధ్యాహ్నం అంట్లు తోమాక ఫోన్ ముందు వేసుకుని యూజీసీ వాళ్ల వెబ్‌సైట్ తెరిచింది. దేశంలో గుర్తింపున్న యూనివర్సిటీల జాబితా ఒకటి, దొంగ యూనివర్సిటీల జాబితా ఇంకొకటి అందులోనే ఉంటాయి. గ్లోబల్ హ్యూమన్ గ్లోరీ మొదటిదాంట్లో లేదు. రెండోదాంట్లోనూ లేదు. దొంగల్లో కూడా ఇంకా గుర్తింపు రాలేదన్నమాట పాపం, అనుకుంది.

తర్వాత ఆ యూనివర్సిటీ సొంత వెబ్‌సైట్ చూసింది. పెద్ద భవనం ఫొటో ఉంది. దాని మీద యూనివర్సిటీ పేరు పెళ్లికార్డు మీద చుట్టాల పేరు అంటించినట్టు వంకరగా అంటించి ఉంది. పాఠాలు చెప్పేవాళ్ల పేర్లు ఒక్కటీ లేవు, పరీక్షల మాటే లేదు. డబ్బు కట్టే పేజీ మాత్రం ఎక్కడ నొక్కినా తెరుచుకుంటోంది. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో, దక్షిణ భారత కార్యాలయం కోదాడ అని ఉంది.

కోదాడలో కళ్యాణి చెల్లెలు లత ఉంటుంది. మర్నాడు పొద్దున లత, అక్క పంపిన ఆ అడ్రసుకు వెళ్లి ఫోన్ చేసింది.

"అక్కా, ఇక్కడ యూనివర్సిటీ ఏం లేదే. కింద మొబైల్ షాపు, పైన ఫొటో స్టూడియో."

"లోపలికి పోయి సూడరాదే."

"చూశానే. గోడ నిండా పుస్తకాల బీరువాలున్నాయి."

"ఉన్నయా?" కళ్యాణికి ఒక్క క్షణం ఆశ పుట్టింది.

"పెయింటింగ్ అక్కా! ముందు నిలబడి ఫొటో దిగడానికి. మేకుకి నల్లగౌన్లు వేలాడుతున్నాయి. మావాడు స్కూల్ ఫంక్షన్లో లాయర్ వేషం వేశాడు చూడు, ఆ గౌను ఇక్కడిదే. చంకలో చిరుగు కూడా అదే!" లత గొంతు తగ్గించింది. "ఎందుకే ఇదంతా? బావ ఏమన్నా కట్టాడా?"

"ఇంకా లేదు. నువ్వు ఎవ్వరికీ చెప్పకు."

ఇంత తెలిసినా ఆమెకు దారి దొరకలేదు. పైగా ఆ సాయంత్రం కూరగాయలకు వెళితే చౌరస్తాలో శ్రీహరి కనిపించాడు, ఆకాశమంత ఎత్తులో. నల్లటోపీ పెట్టుకుని, మెడలో పతకంతో, తనకు లేని పళ్లవరసతో నవ్వుతున్నాడు. 'డాక్టరేట్ అందుకోబోతున్న మా అన్న డాక్టర్ శ్రీహరికి శుభాకాంక్షలు' అని కింద రాసి ఉంది. ఫ్లెక్సీల షాపు రవి, అన్న మీద ప్రేమతో ఊరికే కొట్టించి కట్టాడు.

"ఎట్లుంది వదినా?" అన్నాడు రవి.

"మీ అన్న ఇంత తెల్లగ ఎప్పుడైండు?" అంది కళ్యాణి.

ఇంటికి వస్తుంటే అత్తగారి గొంతు వీధి మొదట్లోనే వినిపించింది. యాదమ్మది గొర్రెలు కాసిన కుటుంబం. పెద్దవూర నుంచి కొడుకు దగ్గరికి వచ్చేసినా రెండు గొర్రెలను వెంట తెచ్చుకుంది, మంద మొత్తాన్నీ అదిలించే గొంతును కూడా. వీధిలో ఆమెతో మాటలున్న ఇళ్లు రెండే. వాటిలో ఒకటి తమది, అది కూడా అప్పుడప్పుడు. ఇవాళ తగువు పక్కింటి జానకితో నడుస్తోంది.

కళ్యాణి గుమ్మంలో నిలబడి ఆ తగువును కాసేపు శ్రద్ధగా విన్నది. తర్వాత లోపలికి వెళ్లి, గ్లోరీ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో 'అర్హుల పేర్లు పంపండి' అన్నచోట నొక్కింది. పేరు యాదమ్మ, ఫోన్ నంబరు మాత్రం తనది. చదువు లేదు. సేవారంగం అన్నచోట ఒక్క నిమిషం ఆలోచించి, 'ప్రపంచశాంతి' అని రాసింది.

శనివారం మధ్యాహ్నం శ్రీహరి భోజనానికి కూర్చున్నాడు. మర్నాడు సూర్యాపేట వెళ్లాలి, కొత్తబూట్లు గుమ్మం పక్కన మెరుస్తున్నాయి. పెరట్లో యాదమ్మ గొర్రెలకు గడ్డి వేస్తోంది. కళ్యాణి ఫోన్ మోగింది. ఆమె స్పీకర్ పెట్టి అన్నం గిన్నె పక్కన ఉంచింది.

"నమస్కారమండీ. గ్లోబల్ హ్యూమన్ గ్లోరీ యూనివర్సిటీ రిజిస్ట్రార్‌ని. డాక్టర్ యాదమ్మ గారి ఇల్లేనా అండీ?"

శ్రీహరి చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఆ, కోడల్ని మాట్లాడుతున్న," అంది కళ్యాణి.

"అభినందనలండీ! ప్రపంచశాంతికి అమ్మగారు చేసిన కృషి మా సెనేట్‌ని కదిలించేసిందండీ."

సరిగ్గా అప్పుడే పెరట్లోంచి వినిపించింది. "జానకీ! నీ బట్టల తాడు నా గొర్రె మెడకు తగుల్తదని ఎన్నిసార్లు చెప్పాల్నే? బయటికి రా! ఇయ్యాల ఆ తాడన్న ఉండాలె, నేనన్న ఉండాలె!"

"ఏదో శబ్దం వస్తోందండీ," అన్నాడు రిజిస్ట్రార్.

"అత్తమ్మ శాంతి మీద మాట్లాడుతున్నది సార్. కానీ ఆమె బడికి పోలేదు."

"అయ్యో, గౌరవ డాక్టరేటుకు చదువు అడ్డురాదండీ."

"మా ఇంట్ల ఆయనకు కూడ వచ్చింది. శ్రీహరి అని."

"శ్రీహరి గారిల్లా? భలే! ఒకే ఇంట్లో ఇద్దరైతే రెండో గౌనుకు కిరాయి తీసుకోమండీ. మీరు కూడా చేరితే ఫ్యామిలీ ఫొటో ఫ్రీ."

శ్రీహరి ఎడంచేత్తో ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "సార్, నేను శ్రీహరిని. నాకు డాక్టర్ ఎందుకిస్తున్నరు?"

"సేవకండీ, సమాజసేవకు."

"ఏం సేవ?"

అవతల కాగితాలు కదిలిన చప్పుడు. ఎవరినో ఏదో అడిగిన గుసగుస. "అదేనండీ... అన్నదానం కదండీ మీరు చేసేది?"

శ్రీహరి ఫోన్ ఆపేశాడు. పళ్లెంలో చేయి కడిగేసుకున్నాడు. పెరట్లో యాదమ్మ మాత్రం ఆపలేదు.

కళ్యాణి వైపు తిరిగి అన్నాడు, "నీకు ముందుగాలనే తెలుసు గద?"

"తెలుసు."

"చెప్తే నేను వినకపోదునా?"

"విందురా?"

అతను నిజాయితీగా ఆలోచించాడు. "వినకపోదును," అని లేచాడు. కొత్తబూట్ల వైపు చూడకుండా పాత చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

కళ్యాణికి మరీ ఎక్కువ చేశానా అనిపించింది. గిన్నెల మీద మూతలు పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని, ఆ ఎండలో వెనకే బయల్దేరింది.

చౌరస్తాకు చేరేసరికి శ్రీహరి నిచ్చెన ఎక్కి ఫ్లెక్సీ తాళ్లు విప్పుతున్నాడు. కింద నలుగురు చేరారు. ఆటోస్టాండులో ఉన్న డ్రైవర్లు వచ్చారు. రవి పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, ఏమైంది? గాలికి ఊడిందా?"

"నేనే పీకుతున్న."

రవికి విషయం సగం అర్థమైంది. నిచ్చెన పట్టుకుని మెల్లగా అన్నాడు, "ఫంక్షన్ పోస్ట్‌పోన్ అయిందని చెప్పు అన్నా. పది దినాలైతే ఎవడడుగుతడు?"

అది తేలిక దారి. ఆ మాట అంటే ఎవరూ నవ్వరు, పరువు పోదు. శ్రీహరి నిచ్చెన మీదినుంచి కింద ఉన్న మొహాలన్నిటినీ చూశాడు. తర్వాత అందరికీ వినిపించేలా చెప్పాడు.

"పోస్ట్‌పోన్ గాదు, ఏం గాదు. అది దొంగ యూనివర్సిటీ. నేను రేపు పోయి గౌను ఏసుకుందునే, మా ఇంటామె ఆపింది. నాకూ, మా అమ్మకూ ఒక్కవారంలనే డాక్టర్ ఇచ్చిండ్రు. నాకు దేనికిచ్చిండ్రో వాళ్లకే తెల్వదు. మా అమ్మకిచ్చింది మాత్రం ప్రపంచశాంతికి!"

యాదమ్మను ఎరిగినవాళ్లే అందరూ. ఒక డ్రైవరు నవ్వు ఆపుకోలేక ఆటో మీద వాలిపోయాడు. తర్వాత చౌరస్తా అంతా నవ్వింది. నిచ్చెన మీద శ్రీహరి కూడా నవ్వాడు. ఆ నవ్వులో అతని సొంత పళ్లవరస, వంకర పన్నుతో సహా, కళ్యాణికి ఫ్లెక్సీ మీదిదానికన్నా ఎంతో అందంగా కనిపించింది. ఇన్నేళ్లలో అతను అంత ఎత్తులో నిలబడగా ఆమె చూడలేదు.

నవ్వులు తగ్గాక మోతీలాల్ అనే డ్రైవరు ముందుకొచ్చాడు. "అన్నా, నా బిడ్డకు గూడ గిసుంటి ఫోనే వస్తున్నది. కాలేజీకి పోనక్కర్లేదు, ఒక్క సిట్టింగ్‌ల నర్సింగ్ సర్టిఫికెట్ ఇస్తమంటున్నరు. ఎల్లుండి పైసలు కడదామనుకున్న. అది గూడ గంతేనంటవా?"

"నన్నడుగుతవేంది? మా కళ్యాణినడుగు," అన్నాడు శ్రీహరి తాడు విప్పుతూ. "డిగ్రీ చేసింది."

ఆ మాటలో ఎక్కడా విరామం లేదు.

కళ్యాణి మోతీలాల్ ఫోన్ తీసుకుని అక్కడే ఎండలో నిలబడి జాబితాలు తెరిచి చూపించింది. నర్సింగ్ అయితే యూనివర్సిటీ పేరొక్కటే చూస్తే సరిపోదనీ, ఆ కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ అనుమతి ఉందో లేదో కూడా చూడాలనీ, ఒక్క సిట్టింగ్‌లో సూది వేయడం నేర్చుకున్న పిల్ల చేతికి నీ చేయి ఇస్తావా అనీ అడిగింది. మోతీలాల్ తన చేయి వైపు చూసుకుని, ఇవ్వనన్నాడు.

"మరి ఈ ఫ్లెక్సీ ఏం చేద్దామన్నా? మంచి గట్టి సరుకు," అన్నాడు రవి దిగులుగా.

శ్రీహరి దాన్ని చుట్టి భుజాన వేసుకుని చలివేంద్రం దగ్గరికి నడిచాడు. వారం కింద వచ్చిన గాలిదుమారానికి పైన కప్పిన తాటాకులు చెదిరిపోయి కుండల మీద ఎండ పడుతోంది. అతనూ రవీ కలిసి ఫ్లెక్సీని నాలుగు గుంజలకు బిగించి కట్టారు. రోడ్డు మీదివాళ్లకు కనబడకుండా తెల్లటి వెనకవైపు పైకీ, బొమ్మ ఉన్నవైపు కిందికీ పెట్టారు.

చూసుకోనిది ఒక్కటే. నీళ్లను పెదవికి తగలకుండా ఎత్తి తాగే ఊరు అది.

మొదట తాగిన త్రిపురారం ముసలాయన తల పైకెత్తి, గ్లాసు ఒంపుకుంటూ, సగంలో పొలమారాడు. "ఓ శ్రీహరీ, మీద నల్లటోపీ పెట్టుకొని ఉన్నదెవరయ్యా?"

"ఎవరో డాక్టరంట పెద్దనాయనా. నీకు తెల్వదులే."

"మరి నువ్వు?"

"నేను నీళ్లు పోసెటోన్ని."

ఆ సాయంత్రం విషయమంతా విన్న యాదమ్మ తన డాక్టరేటును మాత్రం వదులుకోవడానికి ఒప్పుకోలేదు. "నీది దొంగదైతే అయితది గానీ, నాది నిజమే గావచ్చు," అని కొడుకుతో అని, గోడ దగ్గరికి పోయి పక్కింటికి వినబడేలా హెచ్చరించింది. "ఇగో జానకీ, ఇగ నాతోటి జర సూసి మాట్లాడు. నాకు శాంతిల డాక్టర్ వచ్చింది!"

మర్నాడు ఆదివారం. కళ్యాణి శ్రీహరికి టిఫిన్ డబ్బా తెచ్చి చలివేంద్రం ముందు నిలబడింది. కుండలు అప్పుడే కడిగినట్టున్నాయి, తడిగా మెరుస్తున్నాయి. శ్రీహరి గ్లాసు ముంచి ఇచ్చాడు. ఆమె తల వెనక్కి వాల్చి తాగింది. పైన డాక్టర్ శ్రీహరి, కింద శ్రీహరి.

"ఇన్నేండ్లు చెప్పలేదు గానీ, మీ చలివేంద్రం బాగుంటది," అంది.

శ్రీహరి చెంబు కడుగుతూ ఆమె వైపు చూడకుండా, "మరీ పొగడకు, బెల్టు లూజైతది," అన్నాడు.

తన మనసులో మాట ఇతనికి ఎప్పటినుంచి తెలుసో కళ్యాణికి అర్థం కాలేదు. దాహం లేకపోయినా గ్లాసు మళ్లీ చాచింది.