మెత్తటి పుల్లలు

ఏడాది దినానికి నాన్నకి బర్గర్ పెట్టాలని మా అమ్మాయి పావని పట్టుబట్టింది.

పెద్దదినం, అంటే పెద్దకర్మ నాడే అడిగింది. అప్పుడు ఎవరూ వినిపించుకోలేదు. మా అత్త సోములమ్మ వరికూడు, మేకమాంసం, చోడంబలి, పనసగింజల కూర ఆకులో పెట్టి గుమ్మం బయట ఉంచింది. పెట్టాక అందరం అటు వీపు పెట్టి నిలబడాలి. చూడకూడదు. చూస్తే పోయినవాళ్ళు మొహమాటపడి తినరని మా అత్త చెబుతుంది. ఆ రోజు వాన. కాసేపటికి ఆమె తిరిగి చూసి, "ముట్టనేదే నా కొడుకు" అంది. ఎవరితోనో అన్న మాట కాదు. కానీ పావని పక్కనే ఉంది.

ఆనాటి నుంచి పిల్ల కంచంలో సగం వదిలేస్తోంది. ఎంత పెడితే అందులో సగం. అడిగితే "నాన్నకి" అంటుంది. తక్కువ పెట్టి చూశాను. అందులోనూ సగమే తింది. హెల్త్ సెంటర్ నర్సు ఇచ్చిన టానిక్కు కూడా చెంచాలో సగం తాగి, మిగతాది నా వైపు చాపింది. నేను నవ్వలేదు. నేను పని చేసే ఆశ్రమ పాఠశాలలో పిల్లలు ఎవరు తింటున్నారో ఎవరు మానేశారో చూసుకోవడం నా పనుల్లో ఒకటి. అక్కడ నేను ఒక మాట అంటే చాలు, పిల్లలు తినేస్తారు. ఇంట్లో నా మాట చెల్లలేదు.

పావని నాన్న ఫల్గుణ టూరిస్టుల జీపు నడిపేవారు. అరకు నుంచి విశాఖపట్నం దిగినప్పుడల్లా కూతురికి బర్గర్, ఫ్రైస్ తెచ్చేవారు. ఫ్రైస్‌ని అది పుల్లలు అంటుంది. కాగితాలు, పెట్టెలు ఏమీ ఉండేవి కావు. స్టీలు డబ్బాలో తెచ్చి దాని ముందు పెట్టేవారు. "నాకాకలి నేదు, నువ్వు తిను" అని గోడకు ఆనుకుని కూర్చుని, అది తింటుంటే చూసేవారు. నేనూ రెండు పుల్లలు నోట్లో వేసుకునేదాన్ని. పోయిన వానాకాలం జ్వరం వచ్చి ఆయన పోయారు.

"నాన్న అన్నీ నాకే ఇచ్చేసేవాడు," అంది పావని, ఏడాది దినం దగ్గర పడుతుండగా. "ఒక్కసారి కూడా తినలేదు. నేను పెట్టలేదు కూడా. అందుకే అప్పుడు ముట్టలేదు."

"అందుకు కాదమ్మా."

"మరెందుకు?"

ఆ దినానికి బర్గర్ తెస్తానన్నాను.

"ఏ షాపుదో అదే తేవాలి. వేరేదైతే తినడు."

ఏ షాపుదో నాకు తెలియదు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. వెళ్ళి రుచి చూసి గుర్తుపడతానంది పావని. మా అత్త కాదనలేదు. "దీపాలెట్టే ఏలకి వచ్చీండి. నాను అరుగు అలికి ఉంచుతాను" అంది.

ఏడాది దినం నాడు తెల్లవారుతూనే బయలుదేరాం. జీపు ఇప్పుడు నా మరిది నరేష్ నడుపుతున్నాడు. ఎప్పుడూ పాడేరు లైనులోనే తిప్పుతాడు, కిందికి దిగడం అరుదు. అందుకని అతనికీ ఏమీ తెలియదు. "మా అన్నయ్య నోట్లోంచి మాట రావాలంటే జాకీ ఎట్టాలి వదినా" అన్నాడు. తర్వాత తన మాటకి తనే సర్దుకుని రోడ్డు వైపు చూశాడు.

విశాఖలో ఒక పెద్ద షాపింగ్ మాల్ పై అంతస్తులో మూడు షాపులు దగ్గరదగ్గరగానే ఉన్నాయి. ఇంగ్లీషు పేర్లు చదవకుండా పావని వాటికి బొమ్మల్ని బట్టి పేర్లు పెట్టింది. పసుపుపచ్చ కొమ్ముల షాపు, కిరీటం షాపు, ముసలాయన షాపు. మూడు చోట్లా ఒక్కో చికెన్ బర్గర్, ఒక్కో పొట్లం పుల్లలు తీసుకుని ఒక బల్ల మీద వరసగా పెట్టుకుంది. ఒకదాన్ని కొరికి, నీళ్ళు పుక్కిలించి మింగి, కళ్ళు మూసుకుని, రెండోది కొరికింది.

"ఏటే గుంటా, ఈటికి పరీచ్చలెడతన్నావా?" అన్నాడు నరేష్.

"మాట్లాడకు చిన్నాన్నా. రుచి పోతాది."

కొమ్ముల షాపు పుల్లలు సన్నగా పొడుగ్గా ఉన్నాయి, ఉప్పు ముందు తగిలింది. కిరీటం షాపువి కొంచెం లావు, లోపల దుంప తెలుస్తోంది. దాని బన్ను మీద నువ్వులు ఉన్నాయి, మాంసానికి కాస్త కాలిన రుచి ఉంది. ముసలాయన షాపు కోడిముక్క పైపొర పెళుసుగా, కారంగా ఉంది. మూడూ బాగున్నాయి. నేను ఆ మాట పైకి అనలేదు.

"నా ఓటు ముసలాయనకే," అన్నాడు నరేష్. "అన్నయ్య ఇదే తెచ్చుంటాడు."

"నీకు కోడి ఎవులు పెడితే ఆళ్ళకే ఓటు," అంది పావని. మళ్ళీ పుల్లల దగ్గరకొచ్చి ఒకటి కొరికి, చెవి దగ్గర ఇంకొకటి విరిచింది. "ఇవి చప్పుడు చేస్తున్నాయి. నాన్నవి చప్పుడు చెయ్యవు."

లేచి ఒక షాపు కౌంటరు దగ్గరకెళ్ళింది. వెనకాలే వెళ్ళాను.

"అక్కా, మెత్తటి పుల్లలున్నాయా?"

కౌంటరులోని అమ్మాయి నా వైపు చూసింది. ఫ్రైస్ అని చెప్పాను.

"మెత్తవా? మెత్తబడితే తీసేస్తామండీ. ఉండండి, ఇప్పుడే వేడిగా వేయించి ఇస్తాను."

"వేడివి వద్దు," అంది పావని. "మెత్తగా, కొంచెం ఎర్రగా, పొగ వాసన వచ్చేవి."

పక్క కౌంటరులో అబ్బాయి కూడా తల తిప్పి చూశాడు. అలాంటివి తమ దగ్గర రావని ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. మిగతా రెండు షాపుల్లోనూ పావని అదే అడిగింది, అదే జవాబు విన్నది. తిరిగి వచ్చి బల్ల ముందు కూర్చుంది. మూడు కాగితాల్లోనూ సగం సగం మిగిలాయి.

"మన ఊరు చేరేసరికి చల్లారి మెత్తబడతాయిలే," అన్నాను. మూడు షాపుల్లోనూ రెండేసి బర్గర్లు, పుల్లలు కట్టించుకుని జీపెక్కాం.

శృంగవరపుకోట దాటాక పావని సంచీ విప్పి ఒక పుల్ల తీసింది. అది వేలాడింది. నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"మెత్తబడ్డాయి కదా?" అన్నాను.

"మెత్తబడ్డాయి. కానీ ఇవి కావు." సంచీ మూతి మడిచి నా ఒళ్ళో పెట్టేసింది. "నాన్న మళ్ళీ తినడు."

నరేష్ గేరు మార్చి ఘాటీ ఎక్కించాడు. అద్దం మీద పొగమంచు పట్టింది. ఇంటికెళ్ళి ఆ ఆకు ముందు పిల్లను ఎలా నిలబెట్టాలా అని నేను ఆలోచిస్తున్నాను.

అనంతగిరి దగ్గర ఇంజను వేడెక్కిందని నరేష్ జీపు ఆపాడు. రోడ్డు పక్కన టార్పాలిన్ కింద బొంగు చికెన్ కాల్చే పాక ఉంది. పచ్చి వెదురు బొంగులు నిప్పుల మీద ఏటవాలుగా పెట్టి ఉన్నాయి. పొయ్యి దగ్గరున్న ఆవిడ జీపు అద్దం మీద రాసిన 'పావని' పేరు చూసి లేచి నిలబడింది. తర్వాత పావనిని చూసింది, నన్ను చూసింది.

"నువ్వేనా పావనివి?" అంది. "టీచరమ్మా, నాను కమలని. కబురు తెలిసింది. రానేపోయేను."

"పరవాలేదమ్మా," అన్నాను.

ఆమె చూపు నా చేతిలోని సంచీ మీద పడింది. చెయ్యి చాపింది. "పార్శిల్లేనా? ఇలాగ తే, బేగి ఎచ్చబెట్టేత్తాను."

"ఎందుకు?"

"ఎందుకేటి? ఫల్గుణ తమ్ముడు పైకెల్లినప్పుడల్లా ఇక్కడే ఎచ్చబెట్టుకుని పట్టుకెల్లీవోడు కదేటి. సల్లారిపోయిన రొట్టి నా గుంటకెట్టనక్కా అనీవోడు."

సంచీ ఇచ్చేశాను. ఆమె కాగితాలు ఊడదీసి పొయ్యిలో వేసింది. బర్గర్లను అడ్డాకుల్లో చుట్టి, ఈనెపుల్ల గుచ్చి, నిప్పు పక్కన వేడి బూడిదలోకి జరిపింది. పుల్లలన్నీ కలిపి, అప్పుడే కోడి తీసేసిన బొంగు ఒకదానిలోకి దూర్చి, మూతికి ఆకు కుక్కి సెగకి ఆనించింది. బొంగు లోపల అల్లం, కారం, కోడి రసం ఇంకా తడిగానే ఉన్నాయి.

పట్నం బర్గర్ అంటే అలాగే ఉంటుందని మా ఇంట్లో అందరం అనుకున్నాం. అడ్డాకు వాసన, బూడిద వాసన, మసాలా పట్టి మెత్తబడిన ఎర్రటి పుల్లలు. నేను భీమిలిలో టీచర్ ట్రైనింగ్ చదివిన రోజుల్లో బర్గర్లు మాకు తెలియవు. పోల్చి చూసుకోవడానికి ఆ రోజు దాకా మరొకటి తినలేదు. పిల్ల మూడు షాపుల్లో అడిగింది అనంతగిరి పొయ్యి మీది వంట.

కమల బొంగు వంచి ఆకులోకి దులిపింది. పావని ఒక పుల్ల తీసి నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపేసింది.

"అమ్మా. ఇవే."

"ఇవేనా?"

"ఇవే! కమలత్తా, ఇవి ఏ షాపువి?"

"నాకేటి తెలుసు? మూడూ ఒక్క బొంగులోనే కుక్కీసేను." కమల నవ్వింది. "మీ నాన్న ఒకపాలి ఒక షాపుది తెచ్చీవోడు, ఒకపాలి ఇంకో షాపుది. ఏ బేరం ఎక్కడ దిగితే అక్కడిది. తిను, తిను. మీ నాన్నయితే ఈపాటికి ఒకటి లాగించీసీవోడు."

పావని చెయ్యి ఆగింది. "ఎవరు?"

"మీ నాన్నే. ఇదిగో, ఈ రాట కాడ నిలబడి. ఒకోపాలి రెండు. పైన బొంగులో కోడి కూడాను. కడుపు రాసుకుని, 'అక్కా, ఇంటికెల్లి ఆకలి నేదంతాను, మా టీచరమ్మ నమ్మేత్తాది' అనీవోడు."

నేను పొయ్యి వైపు చూస్తూ ఉండిపోయాను.

"నాన్న తిన్నాడా?" అంది పావని. "బర్గర్ తిన్నాడా?"

"తినీసి, మూతి తుడుసుకుని బండెక్కీవోడు."

"నాతో ఆకలి లేదన్నాడు!"

"అంత తిన్నాక ఆకలెక్కడి నుంచి వత్తాదే గుంటా?" అన్నాడు నరేష్.

"దొంగ నాన్న!" పావని గట్టిగా అంది. పాకలో కూర్చున్న వాళ్ళు తల తిప్పి చూశారు. "దొంగ! దొంగ నాన్న!" అంటూ నవ్వడం మొదలుపెట్టింది. వంగిపోయి నవ్వింది. మధ్యలో ముఖం నా చీరలో పెట్టి కాసేపు అలాగే ఉంది. వీపు నిమిరాను. తల ఎత్తాక ముక్కు తుడుచుకుని, "అమ్మా, ఇక్కడే పెడదాం. నాన్న తినేది ఇక్కడ కదా" అంది.

ఆకు గుమ్మం బయట పెట్టాలి. పెట్టాల్సింది పెద్దావిడ. అక్కడ అరుగు అలికి చూస్తూ ఉంటుంది. అత్తకి ఫోన్ చేశాను. సిగ్నల్ కోసం రోడ్డు మధ్య దాకా వెళ్ళి, జరిగింది చెప్పాను.

"ఎదవ," అంది మా అత్త. "నాతోనూ ఆకలి నేదనీవోడు." ముక్కు చీది, మళ్ళీ అంది. "గుంట సెప్పినట్టే సెయ్యి. ఆడెక్కడ తిన్నాడో అక్కడే పెట్టండి. నాను ఇక్కడ అంబలి పెడతాను. రెండుసోట్లా తింతాడు, ఆడికేటి నొప్పి?"

పాకకి కొంచెం అవతల, లోయ వైపు, చదునుగా ఒక రాయి ఉంది. కమల దాని మీద నీళ్ళు చల్లింది. అడ్డాకు విస్తరి వేసి పావని తన చేత్తో ఒక బర్గర్ పెట్టింది, పక్కన గుప్పెడు పుల్లలు పెట్టింది. కొంచెం ఆలోచించి, ఇంకో గుప్పెడు వేసింది. "తిను నాన్నా" అని మామూలుగానే చెప్పింది.

అందరం వీపులు తిప్పి నిలబడ్డాం. వాన సన్నగా పడుతోంది. కమల మా చేతుల్లో తలొక పొట్లం పెట్టింది. నరేష్ మెడ కొంచెం తిరగబోతే, "ఏటి సూత్తావు? ఆడికి సిగ్గు" అని అతని భుజం మీద ఒకటి వేసింది.

పావని తన పొట్లం విప్పి తింటోంది. నేను చూడనట్టే చూస్తున్నాను. సగం దాకా వచ్చింది. ఆగలేదు. బన్ను అంచు కూడా తినేసి, ఆకుకి అంటిన కారం వేలితో తీసి నాకింది. నా పొట్లం విప్పుకున్నాను.

"తింటున్నాడా అమ్మా?" అని చిన్నగా అడిగింది.

తెలియనిది తెలుసని పిల్లలకు చెప్పకూడదని నేను అనుకుంటాను. "తింటున్నారు" అన్నాను.

అప్పుడే వెనక ఒక కారు నెమ్మదించిన చప్పుడు వినబడింది. టైర్లు రోడ్డు దిగి, రాయి ఉన్న వైపు గులకరాళ్ళ మీదికి వస్తున్నాయి. పావని తిరగలేదు. నోటినిండా పుల్లలు పెట్టుకునే, చెయ్యి వెనక్కి చాపి గట్టిగా అరిచింది.

"అంకుల్, బండి అక్కడ పెట్టకండి! మా నాన్న తింటున్నాడు!"

కారు ఆగింది. ఇంజను చప్పుడు కాసేపు అక్కడే ఉంది. తర్వాత టైర్లు మెల్లగా, చాలా జాగ్రత్తగా, వెనక్కి వెళ్ళాయి.