ఎడమ పురి

స్కాట్లాండ్ ఉత్తరపు కొసన, మా కెయిత్‌నెస్‌లో ఒక మనిషిని ‘థ్రాన్’ అన్నారంటే ఇక వాడితో మాట్లాడి లాభం లేదని అర్థం. మొండి, పెడసరం, వంకర, అన్నీ కలిపి ఒకే మాట. దాని మూలం ‘థ్రా’. అంటే తాడుకు పురి పెట్టడం. మెలితిరిగి పెరిగిన చెట్టునూ అలాగే అంటాం.

నా భార్య ఎల్స్‌పెట్ ఆ మాటను రోజూ నా మీద వాడేది. అది మా ఇద్దరి సంగతి. ఆమె చెల్లెలు బెథియా మాత్రం ఎల్స్‌పెట్‌ను పాతిపెట్టిన రోజు భోజనాల దగ్గర, పాదిరిగారి ముందు వాడింది. “ఈ థ్రాన్ మనిషితో మా అక్క ఎలా వేగిందో దేవుడికే తెలియాలి” అంది. పాదిరిగారు కూడా నవ్వారు. ఆనాటినుంచి నేను బెథియాతో మాట్లాడలేదు.

పంట కోతలయ్యాక ఒక మధ్యాహ్నం పడమటి ఆకాశం రాగి రంగుకు తిరిగింది. పెద్ద గాలి వస్తుందనడానికి అదే గుర్తు. పెరట్లో ఓట్స్ కుప్ప సగమే కట్టి ఉంది. అది ఎగిరిపోతే చలికాలమంతా ఆవుకు మేత లేదు. ఎల్స్‌పెట్‌తో కలిసి నిరుడు పేనిన తాళ్లు సగానికే వచ్చాయి. గడ్డితాడు ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు కూర్చుని గడ్డి అందించాలి, ఇంకొకరు దాని కొసను వంపు కర్ర కొంకికి తగిలించి, కొంకి తిప్పుతూ వెనక్కి నడవాలి. పక్కవాళ్లను పిలవవచ్చు. పిలవలేదు. కొంకిని కంచె గుంజకు కట్టి నేనే తంటాలు పడ్డాను. బారెడు పేనేలోపే విడిపోయింది.

“కంచెతో పేనిస్తున్నావా బావా? నీకంటే అదే చెప్పిన మాట వినేలా ఉంది.”

గేటు దగ్గర బెథియా. నేను విడిపోయిన గడ్డిని మళ్లీ పోగుచేసుకున్నాను.

“మాట్లాడకులే. ఎవరు బతిమాలారు? ఆవు మా అక్కది, దానికోసం వచ్చా.” గుంజకున్న కొంకి ఊడదీసుకుంది. “కూర్చో. గడ్డి అందించు.”

అందించాను. ఆమె తిప్పింది. గడ్డి నా వేళ్ల మధ్యే విచ్చుకుపోయింది. మళ్లీ అందించాను. మళ్లీ అంతే.

“చేతులు పడిపోయాయా నీకు?”

“అటు కాదు,” అన్నాను. ఇన్ని నెలల తరవాత ఆమెతో నా మొదటి మాట. “ఎడమకి.”

“ఎడమకా! పొద్దు తిరిగే దిక్కుకి ఎదురు తిప్పితే అరిష్టమని మా అమ్మ వీపు చీరేసేది. లోకమంతా కుడికి తిప్పుతుంటే నీ ఒక్కడికీ ఎడమా? ఇందుకే నిన్ను...”

“నాది కాదు. మీ అక్కది.”

ఎల్స్‌పెట్‌ది ఎడమచేతి వాటం. బడిలో ఆ చేతిని వెనక్కి కట్టేశారు. రాత మారింది. వాళ్లమ్మ ఎదుట కొంకి కూడా కుడికే తిరిగేదట, నా ఇంట్లో మాత్రం తిరగలేదు. పెళ్లయిన ఏడాది ఆమె ఎడమకి తిప్పితే నా వేళ్లు కుడికి పోయేవి. ఒక్క తాడూ నిలవలేదు. రోజంతా తిట్టుకున్నాం. మర్నాడు నేను చేతులు మార్చుకున్నాను.   ఇక ఆమె ఉన్నన్నాళ్లూ ఎడమకే.

“దీన్ని ఆ పాత తాళ్లకు కలపాలి,” అన్నాను. “వాటికి ఎదురు పురి పెడితే రెండూ విడిపోతాయి.”

 బెథియా కొంకి ఊగిపోయేంతగా నవ్వింది.

“మరి ఇన్నాళ్లూ థ్రాన్ ఎవరు బావా? అక్క మా ఇంటికొచ్చి ఏమనేదో తెలుసా? రాయయినా కరుగుతుంది గాని మా ఆయన కరగడు, అని.”

“అలా అందా?”

“అనేది. అంటూనే మా రొట్టెల్లో మంచివన్నీ ఏరి మూట కట్టేది. ఎవరికే అంటే, ఆ థ్రాన్ గొడ్డుకి, అనేది.”

నేను గడ్డి సర్దుకున్నాను.

“ఆ రోజు పాదిరిగారి ముందు...” అని మొదలుపెట్టింది.

“తిప్పు. గాలొస్తోంది.”

ఆమె కొంకిని ఎడమచేతిలోకి మార్చుకుంది. తడబడుతూ, తిట్టుకుంటూ వెనక్కి నడిచింది. తాడు బిగిసింది. ఆ లాగుడు నా వేళ్లకు తెలుసు.

చీకటి పడేలోగా కుప్ప కట్టి, తాళ్ల చివర్లకు రాళ్లు వేలాడదీశాం. ఆ గాలి కోళ్లగూడు కప్పు ఎత్తుకుపోయింది. కుప్ప కదల్లేదు.

నేను క్షమించలేదు. పాదిరి నవ్వు నాకింకా వినిపిస్తూనే ఉంది. కానీ తెల్లవారి కుప్ప చూడటానికి వచ్చిన బెథియా, వచ్చే ఏడు కొంకి ఎవరు తిప్పుతారని అడిగింది.

“నువ్వే. ఈసారి ఆలస్యం చెయ్యకు.”

“థ్రాన్ గొడ్డు,” అంది.

ఆ మాట పలకడంలో అక్కాచెల్లెళ్లది ఒకే గొంతు.