నడవడి విచారణ

హైదరాబాదులోని ప్రభుత్వ పరిశోధనశాలకు రజనీకుమారి ఎంపికైందని తెలియగానే హిందీ రాష్ట్రంలోని ఉక్కు టౌన్‌షిప్‌లో, సెక్టర్ 6లో వాళ్ళ వీధంతా మిఠాయిలు పంచుకుంది. తండ్రి గురునాథరావు కర్మాగారంలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల పొగలో ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. కూతురు తెల్లకోటు వేసుకోబోతోందని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఇక మిగిలింది నడవడి మీద పోలీసు విచారణే.

చిక్కు అక్కడే వచ్చింది. అంతకు ముందు ఏడాది కాంట్రాక్టు కూలీల ఊరేగింపులో రజని నడిచింది. తనతో ఎమ్మెస్సీ చదివిన ఆల్విన్, తనూ కలిసి కూలీల పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెప్పేవారు. ఆ పిల్లల తల్లిదండ్రుల కోసం నడవకపోతే ఎలా అనుకుంది. ఎక్కడా ఒక్క రాయి పడలేదు. అయినా అందులో కనిపించిన చదువుకున్నవాళ్ళ మీద సర్కారు కన్ను పడింది.

విచారణాధికారి మర్యాదగానే మాట్లాడాడు. ఆల్విన్ కూలీలను రెచ్చగొట్టాడనీ, రజనిని మభ్యపెట్టి ఊరేగింపుకు తీసుకెళ్ళాడనీ ఆమె సంతకం చేస్తే పని జరిగిపోతుందన్నాడు.

ఇంట్లో ఆ మాట చెప్పగానే గురునాథరావు దగ్గుతూ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"సంతకమే కదేటమ్మా. ఆ కుర్రోడికి ఉద్యోగం ఎలాగూ రాదు. నువ్వైనా గట్టెక్కు."

"నన్నెవరూ మభ్యపెట్టలేదు నాన్నా," అంది రజని.

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నానికి పిలిచినా లేవలేదు. రజని మనసు ఎన్నిసార్లు మెత్తబడిందో ఆమెకే తెలుసు. అయినా మర్నాడు వెళ్ళి, సంతకం చేయనని చెప్పి వచ్చింది.

కొన్నాళ్ళకు ఆల్విన్ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. రైల్వే ఉద్యోగానికి అతనూ పరీక్ష గట్టెక్కాడు, అతనికీ విచారణ పడింది.

"సైన్ చేసేశాను రజనీ. నువ్వే లీడర్‌వని చెప్పాను. మా అమ్మ ఏడుపు చూడలేకపోయాను."

తిట్టాలనుకుంది. అతని ముఖం చూశాక ఇంకోటి అడిగింది.

"నీకైనా ఉద్యోగం ఇచ్చారా?"

"లేదు. ఇద్దరిదీ ఒకటే గుంపన్నారు."

పరిశోధనశాల ఆమెను వద్దంది. ఎందుకని అడిగితే రహస్యమన్నారు. తర్వాత ఏ సర్కారు కొలువుకు వెళ్ళినా విచారణ దగ్గరే ఆగిపోయింది. ఆల్విన్ కుటుంబం ఎవరికీ చెప్పకుండా ఊరు విడిచింది. గురునాథరావు పోయేనాటికి రజని పక్కనే ఉన్న కోహ్కాలో ఓ చిన్న ప్రైవేటు బడిలో హిందీలో పాఠాలు చెబుతోంది. పెద్దయ్యాక సైంటిస్టునవుతానని ఏ పిల్లయినా అంటే, బాగా చదువుకోమనేది. ఆ మాట మాత్రం బోర్డువైపు తిరిగి అనేది.