చప్పుడు లేని కదలిక

లింబాయత్‌లో తెలుగు కూలీలు వలసొచ్చి పనిచేసే ఆ సాంచెల కార్ఖానా మూతపడి నెలలైంది. కింద సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుస్తుంటే పైన కూలీల గదుల్లో గిన్నెలే కాదు, నోట్లో పళ్లు కూడా అదిరేవి. కరోనా వచ్చాక సోమలింగం కాళ్ల కింద నేల చచ్చిపోయినట్టుంది. ఇక సగం సాంచెలే నడుపుతానని సేఠ్ కబురంపాడు. కార్ఖానాకు కరెంటు ఇచ్చిన రోజు ఎవడు ముందొచ్చి సాంచె దగ్గర నిలబడితే వాడిదే పని. సోమలింగానికీ పక్కగది రాజమౌళికీ ఆ కబురు వచ్చినప్పటి నుంచే మాటల్లేవు.

ఆ మధ్యాహ్నం కూతురు సాహిత్య ఫోన్లో విన్న పాఠం చెబుతోంది. రెండు తువ్వాళ్లు నేల మీద పరిచి ఒకదాని మీదికి ఒకటి నెట్టింది.

"భూమి పలకలు గిట్లనే బాపూ. అంచుల కాడ కొన్ని ఎడమైతయి, కొన్ని ఒరుసుకుంటయి, కొన్ని గుద్దుకుంటయి. మన పలక ఉత్తరానికి, హిమాలయాల దిక్కు నూకుతాంది. అంచు ఇరుక్కుని కదలదు. బలమంత లోపల్నే కూడుతది. ఇగ పట్టు జారిందా..."

"అంచు హిమాలయాల కాడుంటే మనకేంది?"

"ఆ నూకుడుకు మన కింద పాత పగుళ్లు గూడ కదులుతయి."

"మంచిగున్నది. తినతందుకు లేదు గని, పగుళ్లకు తక్కువ లేదు."

అంతలో గిన్నెలు గలగలమన్నాయి. నేల అదిరింది. సోమలింగం గుండె ఎగిరింది. సాంచెలు! రాజమౌళి అప్పటికే మెట్లు దూకుతున్నాడు. సోమలింగం వెంటపడ్డాడు.

"బాపూ, సాంచెలైతే చప్పుడేది?" వెనకే మెట్లు దిగుతూ సాహిత్య అరిచింది.

కార్ఖానా గడపలో అతని కాలు ఆగిపోయింది. లోపల ఒక్క సాంచె కూడా ఆడటం లేదు. అదురు ఆగింది గానీ గోడ నిలువునా చీలింది. సాహిత్యను గల్లీలోకి నెట్టాడు. రాజమౌళి మాత్రం ఒక సాంచెను కావలించుకుని నిలబడ్డాడు.

"రాజన్నా, భూకంపమే! మల్లొకటి రావచ్చు, బయటికి రా!"

"నేను పోతే నువ్వు నిలబడతవ్. నన్ను ఎడ్డోణ్ని చేస్తవారా?"

సోమలింగం అతని రెక్క పట్టి గుంజాడు. రాలేదు. పైనుంచి సున్నం రాలింది. వాణ్ని అక్కడే వదిలేస్తే? పని తనకే మిగులుతుంది. ఆ ఆలోచన వచ్చినందుకే సోమలింగం ఆ రెక్కను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"సాంచె నీదే. నడువ్!"

"బిడ్డ మీద ఒట్టా?"

"ఒట్టు!"

ఇద్దరూ గల్లీలోకొచ్చి పడ్డారు. జనం మాస్కులు మరిచి ఒకరినొకరు రాసుకుంటూ నిలబడ్డారు. పొద్దుగూకేదాకా చూశారు. మళ్లీ అదరలేదు. ఇటుకపెళ్ల కూడా ఊడిపడలేదు.

రాజమౌళి బీడీ ముట్టించాడు. "మాటంటే మాటే గదరా, తమ్మీ?"

సోమలింగం సాహిత్య వైపు చూశాడు.

"మాటే," అన్నాడు.