నడిమి చెట్ల కాయలు

రుయీన్ ఆపిల్ కాయని రెండుగా కోసి, మాడిన చెక్కని వెనిగర్ జాడీలోకి విసిరి, మంచి చెక్కని పలచగా తరుగుతోంది. పక్కన తోటికోడలు హుయీషియా కాయని ముక్కుకి తగిలేంత దగ్గర పెట్టుకుని గింజలు తీస్తోంది. అత్తగారు ముక్కల్ని దారానికి గుచ్చి, మొక్కజొన్న కంకుల పక్కన వేలాడగడుతోంది. మగవాళ్ళు మంచి కాయలు లారీకెత్తి షియాన్ పట్నం వెళ్ళారు. మచ్చపడ్డవన్నీ వాకిలి నిండా గుట్టలుగా మిగిలాయి.

"ఆపిల్ జావ, ఆపిల్ కూర, ఆపిల్ రొట్టె. వసంతానికి మనమూ ముడతలు పడి తీపెక్కుతామత్తయ్యా," అంది హుయీషియా.

"ముడతలు నాకెప్పుడో పడ్డాయి. తీపే ఎక్కలేదు."

హుయీషియా పకపకా నవ్వింది. రుయీన్ తల ఎత్తలేదు.

ఆ కాయలు మాడింది తన చేతుల మీదుగానే. పిందెలప్పుడు కాయలకి తొడిగిన రెండు పొరల కాగితపు సంచుల్లో ముందు బయటి పొర తీయాలి. నీడలో పెరిగిన కాయకి కొన్నాళ్ళు వెలుగు అలవాటయ్యాక లోపలి ఎర్ర పొర తీయాలి. ఆ రోజు కొండవాలు పైమెట్టు మీది తోటలో తోటికోడళ్ళిద్దరూ చెరో చివర నుంచి బయటి పొర తీయడం మొదలుపెట్టారు. లోయ అవతలి ఊళ్ళో నాటకం. తప్పెట మోత గాలికి తేలివస్తోంది. మధ్యాహ్నం హుయీషియా వంటకని ఇంటికి దిగగానే, రుయీన్ నడిమి చెట్లకి రెండు పొరలూ ఒక్కసారే లాగేసి నాటకానికి పరిగెత్తింది. ఈ ఏడు విరగకాసిందీ ఆ చెట్లే. పాలలా తెల్లగా ఉన్న కాయలు మిట్టమధ్యాహ్నపు ఎండకి కమిలిపోయాయి.

ఎవరు తీశారని అత్తగారు నిలదీసినప్పుడు రుయీన్ నోట్లోంచి, "నేను అంత దూరం రాలేదత్తయ్యా," అన్న మాట జారిపోయింది.

హుయీషియా తోటికోడలి మాట నమ్మింది. మసక చూపుతో తానే రెండు పొరలూ లాగేసి ఉంటాననుకుని, తన కళ్ళని నమ్మడం మానేసింది.

"అవి కళ్ళా, చొక్కా గుండీలా? గింజ అక్కడే ఉంది చూడు," అంది అత్తగారు ఆమె చేతిలో ముక్క లాక్కుని. "వచ్చే ఏడు నువ్వు తోటలో అడుగు పెట్టకు. పందులకి మేత కలుపు చాలు."

"అలాగే అత్తయ్యా. ఎక్కడిదాకా తీశానో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. సూదిలో దారమే ఎక్కడం లేదు, ఇంక చెట్లేం చూస్తాను?" హుయీషియా నవ్వబోయింది గానీ నవ్వు సగంలోనే ఆగింది. పైమెట్టు మీది ప్రతి చెట్టుకీ గుంట తవ్వి నాటింది ఆమే, కొత్త కోడలుగా వచ్చిన ఏడు. తర్వాత మెల్లగా రుయీన్ వైపు వంగింది. "చెల్లీ, నా మూలంగా నీ చేతులు కూడా పగిలిపోయాయి. రాత్రి కాస్త నూనె రాస్తాను."

రుయీన్ కత్తిని పీట మీద పెట్టింది.

"అత్తయ్యా, నడిమి చెట్లు అక్క తీయలేదు. నేనే తీశాను. నాటకానికి వేళవుతోందని రెండు పొరలూ ఒకేసారి లాగేశాను."

అత్తగారు దారం పళ్ళతో తెంపి నవ్వింది. "అంత దూరం రాలేదని అప్పుడే చెప్పావుగా. ఇప్పుడు అక్క మొహం చూడలేక తప్పు నీ నెత్తికెత్తుకుంటున్నావు. చూశావా హుయీషియా, దీనిది ఎంత మంచి మనసో! నువ్వు చేసిన దానికి ఇది మాట పడతానంటోంది."

"కాదత్తయ్యా, నిజంగానే..."

"చాల్లే ఊరుకో. ఆ బుట్ట ఇటు జరుపు."

రుయీన్ బుట్ట జరపలేదు. హుయీషియా కేసి చూసింది. ఆమె అప్పటికే తననే చూస్తోంది. ఈసారి కళ్ళు చికిలించలేదు. పైమెట్టు మీద తాను ఏ చెట్టు దగ్గర ఆగి వంటకి దిగిందో ఆమెకి ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది.

"అక్కా..." అంది రుయీన్.

హుయీషియా చేతిలోని కాయ గింజలు పూర్తిగా తీసి, ముక్కని పళ్ళెంలో పెట్టింది. కత్తి తుడిచింది. నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి, మడిచి, రుయీన్ పక్కన పీట మీద ఉంచింది.

"ఎక్కడికే? ఇంకా ఇంత గుట్ట ఉంది!" అని అత్తగారు కేకేసింది.

హుయీషియా కాయల గుట్టల్ని తప్పించుకుంటూ, ఒక్కదానికీ కాలు తగలనీయకుండా వాకిలి దాటి, తాను నాటిన చెట్లున్న పైమెట్టు దారి పట్టింది.