తప్పుకు కేకు

పని చేసే చోట తప్పు చేసినవాళ్ళు మర్నాడు అందరికీ కేకు తేవాలి. మా డెన్మార్క్‌లో అదో సరదా. ఓడలో వంటమనిషిగా ఉన్నన్నాళ్ళూ నేనూ తెచ్చాను. సూపు మాడబెట్టినందుకు ఒకసారి, కెప్టెన్ కాఫీలో ఉప్పు వేసినందుకు ఇంకోసారి. ఆ సరదాతో ఒక మనిషిని కాల్చుకు తినవచ్చని మాత్రం తుంటి విరిగి ఆసుపత్రిలో పడ్డాకే తెలిసింది.

మా గదికి ఎదురుగానే నర్సుల కాఫీ గది. దాని తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. సిల్యే అనే పిల్ల ఆ చలికాలమే నర్సు పరీక్ష ప్యాసై మా వార్డులో చేరింది. చేతులు చల్లగా ఉంటాయని, మమ్మల్ని ముట్టుకునే ముందు వేడినీళ్ళతో కడుక్కుని వచ్చేది. వార్డులో అందరికన్నా సీనియరు బెంటే. అనుభవం ఎంతో, నోరు అంతకు రెట్టింపు.

"బెంటే, ఈ సెలైన్ మిషను ఎలా పెట్టాలి?" అని సిల్యే అడిగిన రోజు నాకు బాగా గుర్తు.

"ఓరి దేవుడా! కాలేజీలో ఏం వెలగబెట్టావు తల్లీ? కేకు!"

అందరూ ఘొల్లున నవ్వారు. అది మొదలు. కట్టుగుడ్డలు ఎక్కడున్నాయని అడిగినా కేకే, డాక్టరుకు ఫోన్ చెయ్యనా అని అడిగినా కేకే. పాపం, తెచ్చేది. ఓసారి కొబ్బరి కేకు ముక్క నాకూ పెట్టింది.

"భలే ఉందే పిల్లా," అన్నాను.

"అక్కడ ఎవరూ ముట్టలేదు గుడ్రున్. పేషెంట్ల మీద పెట్టాల్సిన శ్రద్ధ పిండి మీద పెడుతున్నానట." కళ్ళు తుడుచుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నా పక్క మంచం ఆగ్నెటెది. పేగు ఆపరేషను అయింది. హాస్యాలాడే మనిషి. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మాట ఆపేసింది. మొహం పాలిపోయి, చెమటలు పట్టాయి. సిల్యే బీపీ చూసింది, పొట్ట నొక్కి చూసింది. మొహం మారిపోయింది. గబగబా కాఫీ గది గుమ్మం దాకా వెళ్ళింది.

"ఏమ్మా, ఈసారి ఏ కేకు తెస్తున్నావు?" బెంటే గొంతు. నవ్వులు.

"ఏం లేదు," అని సిల్యే వెనక్కి వచ్చేసింది.

"చెప్పవేం?" అన్నాను.

"నేనే పొరబడ్డానేమో. కాసేపాగి మళ్ళీ చూస్తాను." ఆగ్నెటె చెయ్యి పట్టుకుని కూర్చుంది. మళ్ళీ బీపీ చూసింది. మళ్ళీ చూసింది. ఆగ్నెటె కళ్ళు తేలేస్తుంటే ఇక నేను గంట నొక్కి, ఓడంతా వినబడేట్టు అరిచే గొంతుతో అరిచాను. అప్పుడు పరిగెత్తుకొచ్చారు. లోపల కుట్లు విడిపోయాయట. మళ్ళీ ఆపరేషనుకు తీసుకుపోయారు గానీ, సాయంత్రానికి ఆగ్నెటె పోయింది.

నర్సులు ఖాళీ మంచం దగ్గర నిలబడ్డారు. బెంటే కూడా ఏడుస్తోంది. "గుమ్మం దాకా వచ్చావు కదే! ఒక్క మాట అడగడానికి ఏమొచ్చింది నీకు?" అంది.

సిల్యే ఆమె వంక చూసింది. అడగబోతేనే మీరు కేకు అంటూ నవ్వారని నేనే చెప్పాను, అందరికీ వినబడేలా. బెంటే తల దించుకుని బయటికి వెళ్ళిపోయింది. చచ్చిన మనిషి లేచి రాదు కదా.

డ్యూటీ దిగేటప్పుడు సిల్యే కోటు వేసుకుని నా దగ్గరికి వచ్చింది.

"రేపు వస్తావుగా?" అన్నాను.

"రాను."

"నీ తప్పు కాదే తల్లీ. వాళ్ళు నవ్వారు కాబట్టేగా నువ్వు..."

"రేపు ఇంకొకరికి ఇలాగే అయితే, వాళ్ళు నవ్వితే, నేను మళ్ళీ వెనక్కి వచ్చేస్తాను గుడ్రున్. నాకు తెలుసు."

కాదని చెప్పాలనుకున్నాను. వెళ్ళే ముందు నా దిండు సర్దింది. ఆమె చేతులు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.